రోజెన్‌వాల్డ్ బడులు: డబ్బు పెట్టింది ఎవరు, పట్టా ఎవరి పేరున

1932 నాటికి అమెరికా దక్షిణాదిలోని 15 రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లల కోసం 4,977 బడులు లేచాయి. వాటితోపాటు టీచర్లు ఉండటానికి 217 ఇళ్లు, చేతిపనులు నేర్పడానికి 163 వర్క్‌షాపులు కట్టారు. చికాగోలో సియర్స్ రోబక్ కంపెనీని నడిపిన జూలియస్ రోజెన్‌వాల్డ్ పేరు మీద జనం వీటిని ఇప్పటికీ రోజెన్‌వాల్డ్ స్కూళ్లు అనే పిలుస్తారు. మొత్తం ఖర్చు 2 కోట్ల 84 లక్షల డాలర్లు. అందులో రోజెన్‌వాల్డ్, ఆయన పెట్టిన ఫండ్ కలిపి ఇచ్చింది సుమారు 43 లక్షల 65 వేలు. నల్లవాళ్లు తమలో తాము చందాలు వేసుకుని తెచ్చింది 47 లక్షల 25 వేలు. అంటే ఆ బడుల్లో చదవబోయే పిల్లల అమ్మానాన్నలు, తాతలు, అమ్మమ్మలు దాత కంటే ఎక్కువ ఇచ్చారు. వాళ్లలో చాలామందికి సొంత భూమి లేదు. తెల్ల భూస్వామి చేలో పంటలో వాటాకి పనిచేస్తూ, ఏడాది చివర లెక్క చూసుకుంటే తామే బాకీ తేలే కుటుంబాలు.

మిగతా డబ్బులో స్థానిక తెల్లవాళ్ల విరాళాలు 12 లక్షల దాకా, ప్రభుత్వ పన్నుల నుంచి వచ్చింది కోటీ 81 లక్షలు. ఈ నాలుగు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడకుండా రోజెన్‌వాల్డ్ బడుల గురించి మాట్లాడితే సగం కథే చెప్పినట్టు. వెనకబెట్టిన ఒక జాతి చదువు మీద ఇరవయ్యో శతాబ్దంలో పెట్టిన దానధర్మాల డబ్బులో ఇంతగా ఫలించినవి చాలా తక్కువ, అందులో సందేహం లేదు. కానీ ఆ ఫలితానికి ఎవరు ఎంత కట్టారు, కట్టిన తర్వాత ఆ భవనం ఎవరి చేతిలో ఉండిపోయింది అన్న రెండు ప్రశ్నలు వేయకపోతే ఇవాళ అలాంటి పని చేయాలనుకునేవాళ్లకి దీనినుంచి దక్కేది పొగడ్తే తప్ప పాఠం కాదు.

అసలు వాళ్లు చందాలు ఎందుకు వేసుకోవాల్సి వచ్చింది? పన్నులు కడుతున్నారు, కౌంటీకి (మన జిల్లా లాంటిది) స్కూలు బోర్డు ఉంది, బోర్డు దగ్గర డబ్బు కూడా ఉంది. కానీ ఆ డబ్బులో సింహభాగం తెల్లపిల్లల బడులకే పోయేది. అలబామాలో 1891 నాటి చట్టం స్కూలు నిధులు ఎలా పంచాలో స్థానిక అధికారుల ఇష్టానికి వదిలేసింది. 1896లో ప్లెసీ కేసులో సుప్రీంకోర్టు, వేరువేరుగా ఉంచినా సమానంగా ఉంటే చాలు అంది. మూడేళ్లు దాటాక 1899లో కమింగ్ కేసులో, జార్జియాలో ఒక కౌంటీ బోర్డు నల్లపిల్లల హైస్కూలు మూసేసి తెల్లపిల్లలకి మాత్రం హైస్కూలు చదువు కొనసాగించినా అదే కోర్టు అడ్డుపడలేదు. 1901లో అలబామా కొత్త రాజ్యాంగం రాసుకుని పోల్ ట్యాక్స్ (ఓటు వేయాలంటే కట్టాల్సిన పన్ను), అక్షరాస్యత పరీక్ష లాంటి అడ్డంకులతో నల్లవాళ్ల ఓటుని దాదాపు తుడిచిపెట్టింది. ఓటు లేనివాడి పిల్లాడి బడి గురించి బోర్డు మెంబరుకి ఏ టెన్షనూ ఉండదు. పల్లెల్లో నల్లపిల్లలు చర్చిలోనో, గాలివానకి కారే చెక్క గుడిసెలోనో కూర్చుని, పత్తి పని లేని కొద్ది నెలలు మాత్రం చదువుకునేవాళ్లు.

రోజెన్‌వాల్డ్ ఈ కథలోకి వచ్చింది 1911లో. ఆయన 1862లో ఇల్లినాయ్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, జర్మనీ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబంలో పుట్టాడు. హైస్కూలు కూడా పూర్తిచేయలేదు. రెడీమేడ్ బట్టల వ్యాపారం చేసి, 1895లో సియర్స్‌లో వాటా కొని, కేటలాగ్ పట్టుకుని పోస్టులో సరుకులు అమ్మే ఆ కంపెనీతో అమెరికాలోని పెద్ద ధనవంతుల్లో ఒకడయ్యాడు. బానిసగా పుట్టి అలబామాలో టస్కీగీ విద్యాసంస్థను నిలబెట్టిన బుకర్ టి. వాషింగ్టన్‌ని 1911లో కలిశాడు, మరుసటి ఏడాది ఆ సంస్థ ట్రస్టీ అయ్యాడు. 1912 ఆగస్టులో తన యాభయ్యో పుట్టినరోజుకి అనేక సంస్థలకి విరాళాలు ఇస్తూ టస్కీగీకి 25 వేల డాలర్లు ఇచ్చాడు. అందులో 2,800 డాలర్లు మిగిలాయి. వాటితో పల్లెల్లో కొన్ని చిన్న బడులు కట్టి చూద్దామా అని వాషింగ్టన్ అడిగాడు, ఆయన సరే అన్నాడు. అలబామాలో ఆరు బడులు లేచాయి. ఆ మిగులు డబ్బుతో మొదలైన పనే ఇరవై ఏళ్లలో దాదాపు అయిదు వేల బడులయింది.

అయితే ఆయన ఇచ్చే పద్ధతి అంతకు రెండేళ్ల ముందే, బడుల్లో కాకుండా పట్టణాల్లో మొదలైంది. 1910లో రోజెన్‌వాల్డ్ ఒక ఆఫర్ పెట్టాడు: ఏ ఊరైనా నల్లవాళ్ల కోసం వైఎంసీఏ (క్రైస్తవ యువకుల సంఘం) భవనం కట్టుకోవడానికి 75 వేల డాలర్లు పోగుచేస్తే మిగతా 25 వేలు తాను ఇస్తాడు. రెండు డజన్లకి పైగా ఊళ్లు ఆ సవాలు అందుకున్నాయి. హోటల్లో గది ఇవ్వరు, రెస్టారెంట్లో కూర్చోనివ్వరు, స్విమ్మింగ్ పూల్‌లోకి రానివ్వరు, మీటింగ్ పెట్టుకోవడానికి హాలు అద్దెకి దొరకదు. అలాంటి చోట బస గదులు, జిమ్, లైబ్రరీ, క్లాసురూములు ఉన్న ఒక గట్టి ఇటుక భవనం చేతికి వస్తే ఏమవుతుందో ఆ భవనాల చరిత్రే చెబుతుంది. చికాగోలో 1913లో తెరుచుకున్న వాబాష్ అవెన్యూ వైఎంసీఏలోనే 1915లో కార్టర్ వుడ్సన్ నల్లజాతి చరిత్ర అధ్యయన సంఘాన్ని పెట్టాడు. అమెరికాలో ఇప్పుడు ఫిబ్రవరి అంతా జరుపుకునే నల్లజాతి చరిత్ర మాసానికి మూలం ఆ సంఘమే. దక్షిణాది నుంచి రైలెక్కి చికాగోలో దిగిన కొత్తవాళ్లకి ఆ భవనంలో ఉండటానికి చోటు, పని నేర్చుకోవడానికి క్లాసులు దొరికేవి. కాన్సస్ సిటీలోని పాసియో వైఎంసీఏలో 1920 ఫిబ్రవరిలో రూబ్ ఫాస్టర్, మరికొందరు టీముల యజమానులు కూర్చుని నీగ్రో నేషనల్ లీగ్ అనే బేస్‌బాల్ లీగ్ పెట్టుకున్నారు. చరిత్ర సంఘం, బేస్‌బాల్ లీగ్ పుడతాయని 25 వేలు ఇచ్చేటప్పుడు ఏ దాతా అప్లికేషన్ ఫారంలో రాయించుకోలేడు. తలుపు మూయని ఒక చోటు ఉంటే జనం తమకి కావలసింది తామే చేసుకుంటారు, అందుకే ఇలాంటి చోట్ల మీద పెట్టిన డబ్బుని ఎంతమందికి ట్రైనింగ్ ఇచ్చారు, ఎన్ని సర్టిఫికెట్లు పంచారు అన్న లెక్కతో మాత్రమే కొలవడం సరిపోదు.

పల్లె బడులకి నియమాలు ఇంకా కచ్చితంగా ఉండేవి. ఊరి నల్లవాళ్లు డబ్బుగానో, కలపగానో, శ్రమగానో తమ వాటా తేవాలి. కౌంటీ కూడా ప్రభుత్వ డబ్బు కలపాలి. అప్పుడే ఫండ్ తన కొన్ని వందల డాలర్లు ఇస్తుంది, ఆ తర్వాత ఆ బడిని కౌంటీ ప్రభుత్వ బడిగా నడపాలి, టీచరు జీతం ఇవ్వాలి, ఏడాదికి కనీసం అయిదు నెలలు పాఠాలు చెప్పించాలి. కనీసం రెండెకరాల స్థలం ఉండాలి. ఆ స్థలం స్కూలు అధికారుల పేరున రిజిస్టర్ చేయాలి. ఈ ఆఖరి నియమాన్ని గుర్తుపెట్టుకోవాలి, కథ చివర్లో అదే అడ్డం తిరుగుతుంది.

భవనం మీద పెట్టిన శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తుంది. మొదటి ప్లాన్లు గీయించింది టస్కీగీలో రాబర్ట్ టేలర్, ఎంఐటీ నుంచి పట్టా తీసుకున్న మొదటి నల్లజాతి విద్యార్థి. ఆ ఊళ్లలో కరెంటు లేదు, కాబట్టి పగటి వెలుతురే దీపం. నిలువెత్తు కిటికీలు వరసగా పెట్టి, వెలుతురు తూర్పు పడమరల నుంచి వచ్చేలా, కుడిచేత్తో రాసే పిల్లాడి చెయ్యి నీడ పలక మీద పడకుండా ఎడమ వైపు నుంచి వచ్చేలా బల్లలు వేసేవాళ్లు. రెండు క్లాసురూముల మధ్య గోడని జరిపేసే వీలుండేది, జరిపితే ఊరి మీటింగుకి హాలు తయారు. చాలా ప్లాన్లలో చేతిపనులకి ఒక గది విడిగా ఉండేది. తర్వాత ఫండ్ అధికారి శామ్యూల్ స్మిత్ నాష్‌విల్ నుంచి పంచిన ప్లాన్లు ఎంత బాగున్నాయంటే తెల్లపిల్లల బడులు కూడా వాటిని వాడుకున్నాయి.

ఊళ్లు తమ వాటా ఎలా తెచ్చాయన్నదే ఈ కథలో మనసుని పట్టేసే భాగం. కొన్ని చోట్ల రైతులు చేలో కొంత భాగం పక్కన పెట్టి అందులో పండిన పత్తి బడికని అమ్మేవాళ్లు, దాన్ని రోజెన్‌వాల్డ్ పత్తి అనేవాళ్లు. ఆడవాళ్లు కోళ్లు, గుడ్లు అమ్మారు, చేపలు వేయించి అమ్మారు, డబ్బాల్లో భోజనం కట్టి చర్చి దగ్గర వేలం వేశారు. మగవాళ్లు అడవిలో చెట్లు కొట్టి, కోత మిల్లుకి తోలి, రాత్రుళ్లు పునాదులు తవ్వారు. అలబామాలో ఒక సభలో, బానిసగా బతికిన ఒక ముసలాయన జేబులోంచి పాత సంచి తీసి తన జీవితకాలపు పొదుపు మొత్తం, 38 డాలర్లు, చిల్లరగా బల్ల మీద గుమ్మరించి, నా మనవళ్ల పిల్లలకైనా ఒక దారి దొరకాలని నా దగ్గరున్నదంతా ఇచ్చేస్తున్నాను అన్నాడని అక్కడున్న ఫండ్ ఏజెంటు రాసి పెట్టాడు.

ఈ చందాల వెనక జీన్స్ టీచర్లని చెప్పుకోకపోతే అన్యాయం. ఫిలడెల్ఫియాకి చెందిన అన్నా జీన్స్ అనే క్వేకర్ (ఒక క్రైస్తవ శాఖ) మహిళ 1907లో పది లక్షల డాలర్లు పల్లెల్లోని నల్లపిల్లల చదువుకి ఇచ్చింది. ఆ డబ్బు భవనాలకి కాదు, మనుషులకి వెళ్లింది. 1908లో వర్జీనియాలోని హెన్రైకో కౌంటీలో వర్జీనియా రాండాల్ఫ్ మొదటి జీన్స్ టీచరుగా బడి బడికీ తిరిగి, మిగతా టీచర్లకి పాఠం చెప్పే పద్ధతులు నేర్పింది, బడిని శుభ్రంగా పెట్టుకోవడం, కుట్టుపని, తోటపని నేర్పించింది. తర్వాత దక్షిణాది అంతా ఆ పద్ధతి పాకింది. కొత్త బడికి డబ్బు పోగు చేయాల్సి వస్తే ఇంటింటికీ తిరిగింది, కౌంటీ బడుల సూపరింటెండెంట్ ఆఫీసులో ఓపికగా నిలబడి ఒప్పించింది చాలా చోట్ల ఈ టీచర్లే. వాళ్ల జీతం డబ్బు లేకుండా రోజెన్‌వాల్డ్ డబ్బు ఒక్కటే ఇంత దూరం వెళ్లేది కాదు. భవనం ఫొటోలో పడుతుంది, ఊరూరా తిరిగే టీచరు పడదు, అందుకే దాతలకి రెండోది తక్కువగా గుర్తొస్తుంది.

ఇప్పుడు మళ్లీ ఆ లెక్క దగ్గరికి. నల్లవాళ్ల 47 లక్షల గురించి చరిత్రకారుడు జేమ్స్ ఆండర్సన్ గట్టిగా చెప్పిన మాట, ఇది రెండోసారి వేసిన పన్ను అని. వాళ్లు కౌంటీకి పన్ను కట్టారు, కౌంటీ ఆ డబ్బు తీసుకెళ్లి తెల్లపిల్లలకి ఇటుక బడి కట్టింది, అప్పుడు వాళ్లు తమ పిల్లల బడికి మళ్లీ జేబులోంచి తీశారు. ఆ బడిని కూడా కౌంటీకే రాసిచ్చారు. ఇది న్యాయమా అంటే కాదు, ఏ కోణంలో చూసినా కాదు. పేదవాళ్ల దగ్గర వాటా అడగడాన్ని బాధ్యత నేర్పడం అని చెప్పుకునే దాతలు ఇప్పటికీ ఉన్నారు. టస్కీగీ దగ్గరి ఆ పల్లెల్లో బాధ్యత ఎవరికీ ఎవరూ నేర్పాల్సిన పని లేదు, బానిసత్వం పోయిన రోజు నుంచి వాళ్లు సొంత ఖర్చుతో బడులు పెట్టుకుంటూనే ఉన్నారు.

కానీ అదే లెక్కలో ఇంకో అంకె ఉంది, కోటీ 81 లక్షల ప్రభుత్వ డబ్బు. మొత్తం ఖర్చులో ఇది దాదాపు 64 శాతం. నల్లపిల్లల బడికి పైసా విదల్చని బోర్డుల చేత ఇంత పెట్టించింది, మీరు ఇంత పెడితేనే మేం ఇంత పెడతాం అనే ఆ మ్యాచింగ్ నియమమే. బయటి నుంచి డబ్బు వస్తోంది, ఊరు తన వాటా తెచ్చి ముందు పెట్టింది, ఇక నువ్వు కలపకపోతే ఆ డబ్బు పక్క కౌంటీకి పోతుంది అంటే సూపరింటెండెంట్ సంతకం పెట్టాడు. ఓటు లేని జనానికి బోర్డు మీద ఒత్తిడి పెట్టే సాధనాన్ని రోజెన్‌వాల్డ్ ఇచ్చాడు, ఆయన ఇచ్చిన 43 లక్షల కంటే దాని విలువే ఎక్కువ. టస్కీగీలో ఈ పనిని దగ్గరుండి నడిపిన క్లింటన్ కాలోవే లాంటివాళ్లకి ఇది బాగా తెలుసు. మొత్తం సొమ్ము దాతే ఇచ్చి ఉంటే బడులు లేచేవి, కానీ నల్లపిల్లల చదువు ప్రభుత్వం బాధ్యత అన్న మాట కౌంటీ బడ్జెట్ పుస్తకంలోకి ఎక్కేది కాదు. కాబట్టి మ్యాచింగ్ మంచిదా చెడ్డదా అని ఒక్క మాటలో తేల్చేది కాదు. ప్రభుత్వం చేత కట్టించిన మ్యాచింగ్ గొప్ప పని, నిలువుదోపిడీకి గురైన జనం దగ్గర మళ్లీ వాటా అడిగిన మ్యాచింగ్ అన్యాయం, రెండూ ఒకే నియమంలో కలిసి ఉన్నాయి.

ఏం నేర్పాలన్న దాని మీద కూడా గొడవ ఉంది. టస్కీగీ పద్ధతిలో చేతిపనికి పెద్దపీట. వడ్రంగం, వ్యవసాయం, కుట్టు, వంట. దీని మీద నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఈ.బి. డుబోయిస్ ఏళ్ల తరబడి పోరాడాడు, నల్లపిల్లలకి కాలేజీ చదువు, లాటిన్, లెక్కలు, రాజకీయ హక్కులు కావాలి, పనివాళ్లుగా తయారుచేస్తే సరిపోదు అని. ఆయన మాటలో నిజం ఉంది. ఉత్తరాది ధనవంతులకి చేతిపని చదువు నచ్చడానికి ఒక కారణం, అది దక్షిణాది తెల్లవాళ్లని భయపెట్టదు. అయితే బడి లోపల జరిగింది దాతలు కాగితం మీద రాసుకున్నదే కాదు. గది ఉంది, నల్లబల్ల ఉంది, చదువుకున్న టీచరు ఉంది. ఆమె కుట్టుతో పాటు కవిత్వం కూడా చెప్పింది. 1932లో రోజెన్‌వాల్డ్ పోయినప్పుడు అదే డుబోయిస్ ఆయన్ని గొప్ప మనిషి అని మెచ్చుకున్నాడు, ఆయన చేసిన దానం అమెరికా ప్రజాస్వామ్యం మీద ఒక విమర్శ అన్నాడు.

తక్కువగా మాట్లాడుకునే సంగతి ఇంకోటి ఉంది. మొదట్లో ఈ కార్యక్రమం మొత్తం టస్కీగీ నుంచి, నల్లవాళ్ల చేతుల మీదుగా నడిచింది. బడుల సంఖ్య వేగంగా పెరగడంతో కట్టడాల నాణ్యత మీద ఫిర్యాదులు వచ్చాయి, నాష్‌విల్‌లోని పీబాడీ కాలేజీ నుంచి ఫ్లెచర్ డ్రెస్లర్ తనిఖీ చేసి లోపాలు రాశాడు. 1920లో ఆఫీసుని నాష్‌విల్‌కి మార్చి తెల్ల అధికారి చేతికి ఇచ్చారు. నిర్మాణం మెరుగైంది, నిజమే. కానీ లోపాలు దిద్దుకోవడానికి టస్కీగీకి ఇంకో ఇద్దరు ఇంజనీర్లని, ఇంకొంత డబ్బుని ఇవ్వడం అనే దారి కూడా ఉంది. అది ఎంచుకోలేదు. ఒక జాతి సంస్థ తడబడితే దాన్ని బలపరచకుండా పని లాక్కుని పెద్ద సంస్థకి అప్పగించే అలవాటు ఈ వందేళ్లలో దాతలకి పోలేదు.

ఫలితాలు మాత్రం కళ్ల ముందున్నాయి. 1928 నాటికే దక్షిణాది పల్లెల్లో నల్లపిల్లల బడుల్లో అయిదింట ఒకటి రోజెన్‌వాల్డ్ బడి, నల్లపిల్లల్లో మూడోవంతు మంది అక్కడే చదివారు. మొత్తం 6 లక్షల 60 వేలకి పైగా పిల్లలు కూర్చునే చోటు ఏర్పడింది. 2011లో చికాగో ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఆర్థికవేత్తలు డేనియల్ ఆరన్సన్, భాష్కర్ మజుందార్ జనాభా లెక్కలు, రెండో ప్రపంచయుద్ధం నాటి సైన్యం రికార్డులు కలిపి చూశారు. 1880 నుంచి 1910 మధ్య పుట్టిన దక్షిణాది మగవాళ్లలో నలుపు తెలుపు చదువుల తేడా కదలకుండా ఉండిపోయింది, ఆ తర్వాతి తరంలో బాగా తగ్గింది, అందులో చెప్పుకోదగ్గ భాగం ఈ బడుల వల్లేనని తేల్చారు. హాజరు, అక్షరాస్యత, చదివిన ఏళ్లు, సైన్యం పరీక్ష మార్కులు అన్నీ పెరిగాయి, అన్నిటికంటే వెనకబడ్డ కౌంటీల్లో ఎక్కువ పెరిగాయి. ఇంకొక ఫలితం కూడా తేలింది: ఈ బడుల్లో చదివినవాళ్లు ఉత్తరాదికి ఎక్కువగా వలస వెళ్లారు. ఊళ్లో చదువుకున్నవాడికి ఊళ్లో కూలిపని తప్ప ఇంకేమీ దొరకనప్పుడు చదువు చేతికిచ్చేది రైలు టికెట్టే. పౌరహక్కుల ఉద్యమ నాయకుడు, తర్వాత అమెరికా కాంగ్రెస్ సభ్యుడైన జాన్ లూయిస్ అలబామాలోని పైక్ కౌంటీలో, రచయిత్రి మాయా ఏంజెలో ఆర్కన్సాలోని స్టాంప్స్‌లో ఇలాంటి బడుల్లో చదివినవాళ్లే.

రోజెన్‌వాల్డ్‌కి శాశ్వత నిధులంటే గిట్టదు. తన ఫండ్ తాను పోయిన 25 ఏళ్లలోపు అసలుతో సహా ఖర్చయిపోవాలని పెట్టాడు. 1929 తర్వాత సియర్స్ షేర్లు కూలిపోవడంతో ఫండ్ ఇరుకున పడి, 1932లో బడుల నిర్మాణం ఆపేసింది. ఎడ్విన్ ఎంబ్రీ నాయకత్వంలో మనుషుల మీద పెట్టడం మొదలుపెట్టింది: గాయని మరియన్ ఆండర్సన్, కవి లాంగ్‌స్టన్ హ్యూస్, రచయిత రాల్ఫ్ ఎల్లిసన్, చిత్రకారుడు జేకబ్ లారెన్స్, ఫొటోగ్రాఫర్ గోర్డన్ పార్క్స్, ఇలా ఎందరికో ఫెలోషిప్పులు ఇచ్చింది. కెన్నెత్, మేమీ క్లార్క్ దంపతులకీ ఇచ్చింది. బొమ్మలతో వాళ్లు చేసిన పరిశోధన తర్వాత బ్రౌన్ కేసులో ఉదహరించబడింది. 1948లో ఫండ్ తలుపులు మూసేసింది.

1954లో బ్రౌన్ తీర్పు వచ్చింది, బడుల్లో జాతి వేర్పాటు చెల్లదని. నల్లవాళ్లు తరాలుగా ఎదురుచూసిన తీర్పు. దాన్ని అమలు చేసింది మాత్రం అవే తెల్ల బోర్డులు. వర్జీనియాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ అయితే పిల్లల్ని కలపడం ఇష్టంలేక 1959 నుంచి 1964 దాకా ప్రభుత్వ బడులన్నీ మూసేసింది. మిగతాచోట్ల 1960ల చివర కలపక తప్పనప్పుడు, మూతపడింది ఎక్కువగా నల్లపిల్లల బడులే. వేలమంది నల్లజాతి టీచర్లు, హెడ్మాస్టర్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. భవనాలు బోర్డు పేరున ఉన్నాయి కదా, కొన్నిటిని వేలం వేశారు, కొన్నిటిని గడ్డి నిల్వ చేసుకోవడానికి అమ్మేశారు, కొన్ని అలా వదిలేస్తే కూలిపోయాయి. తాతలు పత్తి అమ్మి కట్టిన బడి గురించి మనవళ్లకి కనీసం ఒక మాట అడిగే హక్కు కూడా కాగితం మీద లేదు. స్థలాన్ని బోర్డుకి రాయకపోతే బోర్డు జీతాలు ఇచ్చేది కాదు, అది నిజం. అయినా బడిగా నడపడం ఆపిన రోజు ఆ స్థలం, భవనం తిరిగి ఊరి సంఘానికి చెందుతాయి అని దస్తావేజులో ఒక్క వాక్యం రాయించి ఉంటే ఎన్నో చోట్ల కథ వేరేగా ఉండేది. చట్టంలో అలాంటి షరతుకి అప్పుడూ చోటుంది. ఫండ్ ప్లాన్లో కిటికీ ఎత్తు దాకా ఆలోచించింది, దీన్ని ఆలోచించలేదు.

తెలుగు రాష్ట్రాల్లో కూడా ఇలాంటి డబ్బు ఇప్పుడు చాలా తిరుగుతోంది. విదేశాల్లో స్థిరపడ్డవాళ్లు చదువుకున్న జిల్లా పరిషత్ బడికి గదులు కట్టిస్తారు, కంపెనీలు 2013 చట్టం కింద సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) డబ్బుతో డిజిటల్ క్లాసురూములు, స్కిల్ సెంటర్లు పెడతాయి. మన్యం ఊళ్లలో రోడ్డు వేయమని అడిగి అడిగి విసిగిపోయి గిరిజనులే చందాలు వేసుకుని, శ్రమదానంతో కొండదారి తవ్వుకున్న వార్తలు కూడా చదువుతూనే ఉంటాం. ఆ వార్తల్ని మనం స్ఫూర్తి కథలుగా షేర్ చేస్తాం. ప్రభుత్వం చేయాల్సిన పనికి అందరికంటే పేదవాళ్లు జేబులోంచి కట్టారన్న సంగతి ఆ పొగడ్తలో కొట్టుకుపోతుంది. అలాంటి ఊరికి ఎవరైనా దాత వెళితే, ఊరి వాటా ఎంత అని అడిగే ముందు ఊరు ఇప్పటికే ఎంత పెట్టిందో లెక్క రాయాలి. తన డబ్బుతో ప్రభుత్వం చేత ఎంత పెట్టించగలడో చూసుకోవాలి. భవనం ఎవరి పేరున ఉంటుంది, పని ఆగిపోతే ఎవరికి చెందుతుంది అన్నది ప్రారంభోత్సవానికి ముందే కాగితం మీద పెట్టుకోవాలి.

అమెరికా దక్షిణాదిలో ఇప్పుడు రోజెన్‌వాల్డ్ బడుల్లో పదోవంతు దాకా, అంటే ఓ అయిదు వందలు మిగిలాయని అంచనా. 2002లో అమెరికా నేషనల్ ట్రస్ట్ వీటిని తీవ్ర ప్రమాదంలో ఉన్న చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చింది. నార్త్ కరోలైనాలోనే టీచర్ల ఇళ్లు, వర్క్‌షాపులతో కలిపి 800 పైచిలుకు కట్టడాలు లేచాయి, అన్ని రాష్ట్రాల కంటే అక్కడే ఎక్కువ. షార్లెట్, రాలీ, డల్లాస్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగు కుటుంబాలు కొద్ది దూరం కారులో వెళితే ఇలాంటి బడి ఒకటి కనిపించే అవకాశం బాగానే ఉంది. జార్జియాలోని కాస్‌విల్‌లో 1923లో కట్టి 1955లో మూతపడ్డ నోబుల్ హిల్ బడిని పూర్వ విద్యార్థులు, ఊరివాళ్లు పట్టుబట్టి బాగుచేసుకుని 1989లో మ్యూజియంగా తెరిచారు. వర్జీనియాలోని స్క్రాబుల్ బడి ఇప్పుడు పెద్దవాళ్లు పగలు వచ్చి కూర్చునే కేంద్రం, పక్కనే చరిత్ర ప్రదర్శన. 2021 జనవరిలో రోజెన్‌వాల్డ్ బడులని జాతీయ పార్కుల వ్యవస్థలోకి తీసుకోవడం మీద అధ్యయనం చేయమని చట్టం కూడా వచ్చింది.

ఈ బాగుచేసే పనికి వచ్చే గ్రాంట్లలో చాలావాటికి మళ్లీ అదే షరతు: సగం మీరు తెస్తే సగం మేం ఇస్తాం. అంటే పన్నుగా ఒకసారి, చందాగా ఒకసారి కట్టిన కుటుంబాల మనవళ్లు ఇప్పుడు పైకప్పు రిపేరుకి మూడోసారి కట్టాలి. చర్చిలో చేపల భోజనాలు అమ్మి మళ్లీ కడుతున్నారు కూడా. వాళ్ల ముత్తాతలు ఇచ్చిన 47 లక్షల డాలర్లనే వాటాగా లెక్కగట్టి, ఈ బడులకి వచ్చే గ్రాంట్లలో మ్యాచింగ్ షరతు పూర్తిగా ఎత్తేయాలి.